అందరూ తెరిచిన బొమ్మ

"అక్కా, నా కడుపులో ఫొటోలు తీసేది నువ్వేగా. కాస్త అందంగా తియ్యి," అని నవ్వుతూనే ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్ళింది మా చెల్లి. గడ్డ మంచిదైతే అదొక్కటే తీస్తారు. చెడ్డదైతే గర్భసంచితో సహా అన్నీ తీసేస్తారు. దానికింకా పిల్లల్లేరు.

గడ్డ ముక్క ల్యాబ్‌కి రాగానే పలచగా కోసి, రంగు వేసి, స్కానర్‌లో పెట్టాను. వచ్చేది ఒక్క బొమ్మే, కానీ ఓ సినిమా కంటే బరువు. వేరే ఊళ్ళో ఉన్న పెద్ద డాక్టర్‌గారు దాన్ని మా కంప్యూటర్‌లోంచే లింకు ద్వారా తెరిచి, ఒక్కో కణాన్నీ పెద్దది చేసి చూసి, మంచిదో చెడ్డదో చెప్పాలి. అప్పటిదాకా చెల్లి టేబుల్ మీదే. మాకున్నది ఒకటే నెట్ లైను.

"ఏంటమ్మా, అంతా మసకమసకగా ఉంది?" అన్నారాయన ఫోన్లో.

"వస్తుంది సార్, ఒక్క నిమిషం," అన్నాను. తీరా చూస్తే, ఆ బొమ్మ చూస్తున్నవాళ్ళు యాభైమంది పైనే! మా ల్యాబ్ డాక్టర్‌గారు అలవాటు కొద్దీ లింకును తన పాత విద్యార్థుల గ్రూపులో పడేసి, "అరుదైన కేసు, చూడండి" అని రాసి థియేటర్‌కి వెళ్ళారు. ఒక్కొక్కరూ పెద్దది చేసుకుని చూస్తుంటే ఇక లైనులో ఏం మిగుల్తుంది? లింకు ఆయన పేరు మీద ఉంది, నేను ఆపలేను. ఆయన ఫోనేమో బల్ల మీదే మోగుతోంది.

ఒళ్ళు మండిపోయింది. గ్రూపులో పెట్టాను: "దయచేసి అందరూ మూసేయండి. పేషెంట్ టేబుల్ మీద ఉంది." అప్పటిదాకా చూడనివాళ్ళు కూడా అదేంటా అని తెరిచారు. అంకె రెట్టింపైంది. కింద "గ్రేట్ కేస్ సార్" అని దండాలు. మీ చదువులు తగలెయ్య!

థియేటర్‌కి ఫోన్ చేస్తే నర్సు ఎత్తింది.

"మా ల్యాబ్ సార్‌ని లింకు ఆపమని చెప్పమ్మా, త్వరగా!"

"చెప్తా మేడమ్, కానీ బీపీ పడిపోతోంది. చూడ్డానికి చెడ్డ గడ్డలాగే ఉందట. ఇక ఆగలేం, అన్నీ తీసేస్తున్నామంటున్నారు సర్జన్‌గారు."

"ఆగమను! అది నా చెల్లెలమ్మా!"

అప్పటికే ఫోన్ పెట్టేసింది.

మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తలేదు. చేస్తూనే ఆ అంకె వైపు చూశాను. చూసేవాళ్ళు విసుగొచ్చి ఒక్కొక్కరే పోయారు.

"ఇప్పుడు అద్దంలా కనపడుతోందమ్మా," అన్నారు పెద్ద డాక్టర్‌గారు. "మంచి గడ్డే. గర్భసంచి ముట్టుకోవద్దని చెప్పు." అప్పటికే అది డబ్బాలో నా బల్ల మీదికి వచ్చేసింది.

సాయంత్రం చెల్లి కళ్ళు తెరిచింది. మత్తులోనే నా చెయ్యి పట్టుకుంది.

"ఫొటోలు బాగొచ్చాయా అక్కా?"

"బాగొచ్చాయే," అన్నాను.