అమ్మాజీ చేతిలో పాలు

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల వెనక సందులో, రెండో అంతస్తు పోర్షన్‌లో, పొద్దున్నే పాలు కాచే పని అమ్మాజీది. ఆమె పొయ్యి వెలిగించదు. గిన్నెలో పాలు పోసి, రెండు చేతులతో పట్టుకుని నిలబడుతుంది. కూతురు సింధూర జడ వేసుకుంటూ, ఇంటి ఓనరు విశ్వేశ్వరరావు గారు వాట్సాప్‌లో పెట్టిన మెసేజి పైకి చదువుతుంది.

"గోడకి మేకు కొట్టిన చప్పుడు వినపడిందట. మోటారు ఎక్కువసేపు వేస్తున్నామట. మెట్ల మీద మన చెప్పులు కనపడకూడదట."

చెప్పుల దగ్గరికి వచ్చేసరికి పాలు పొంగుతాయి. తల్లీకూతుళ్లు కాఫీ కలుపుకుంటారు.

అమ్మాజీ నోట్లో నాలుక లేని మనిషి. బుద్ధెరిగి ఎవరినీ ఒక్క మాట అన్నది లేదు. అనాల్సినవన్నీ చేతుల్లోకి దిగుతాయి. తణుకులో కాపురం చేసినన్నాళ్లూ ఆమె భర్త, తనకు శాంతమూర్తి దొరికిందని ఊరంతా చెప్పుకుని తిరిగాడు. స్నానానికి వేడినీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ఒక్కనాడూ అడగలేదు. మగవాళ్లు అంతే, నీళ్లు వేడిగా ఉంటే చాలు. ఇప్పుడు కింది పోర్షన్ అమల కూడా గ్యాస్ అయిపోయిన రోజున పప్పు గిన్నె పట్టుకుని పైకి వస్తుంది. "పిన్నిగారూ, కాస్త పట్టుకోండి, మా ఆడపడుచు ఏమందో చెబుతాను" అంటుంది. సగం కథకే పప్పు ఉడికిపోతుంది.

సింధూర తల్లిలాంటిది కాదు. ఏదున్నా నోటితోనే తేల్చుకుంటుంది, అందుకే ఆమె చేతిలో నీళ్లు ఏనాడూ గోరువెచ్చగానైనా కాలేదు. కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెబుతుంది. భర్తతో విడిపోయి చాలా కాలమైంది. ఆ సంగతి విశ్వేశ్వరరావు గారికి ఎవరు చెప్పారో గానీ, ఒక ఆదివారం ఆయన పైకి వచ్చి కుర్చీలో సర్దుకున్నాడు.

"నెలాఖరుకి పోర్షన్ ఖాళీ చేయాలమ్మా. ఫ్యామిలీకి ఇద్దామనుకుంటున్నాం."

"మేం ఫ్యామిలీ కాదా అండీ?" అంది సింధూర.

"అది కాదమ్మాయ్. మగదిక్కున్న ఫ్యామిలీకి అని. రేపేదైనా జరిగితే నలుగురూ నన్నంటారు."

అమ్మాజీ ఆయన కోసం తెచ్చిన మంచినీళ్లు గ్లాసులో కుతకుత మరిగాయి. ఆయన అటు చూసి, "టీ వద్దమ్మా, ఇప్పుడే తాగొచ్చాను" అని లేచి వెళ్లిపోయాడు.

"ఇంక అద్దె ఇల్లు వద్దమ్మా. కొనేద్దాం" అంది సింధూర. ఇన్నేళ్లుగా గొంతు పోయేలా పాఠాలు చెప్పి దాచిందంతా బ్యాంకులో ఉంది. అది తప్ప వాళ్లకు వెనకా ముందూ ఏమీ లేదు. ఎవడూ వచ్చి ఖాళీ చేయమనలేని రెండు గదులు, చీకటి పడ్డాక భయం లేకుండా నడిచి చేరగల దారి. ఆమె కోరింది ఆ రెండే. అవి కూడా గొంతెమ్మ కోరికలని ఊళ్లో తిరిగితే గానీ తెలియలేదు.

సైదులు అనే బ్రోకర్ వాళ్లకు అరచేతిలో వైకుంఠం చూపించాడు. నాగోల్‌లో ఒక ఫ్లాట్ బాల్కనీలో నిలబెట్టి, "గీడ నిలబడితే నది కనబడ్తది మేడమ్" అన్నాడు. నది కనబడేలోపే మూసీ కంపు ముక్కుకి తగిలింది. ఆ కంపుకి కూడా ధర కట్టారు. సైదులు ధర చెప్పగానే అమ్మాజీ చేతిలోని ప్లాస్టిక్ నీళ్ల సీసా మెత్తబడి వంగిపోయింది. ఇంకో రోజు బాటసింగారం తీసుకెళ్లాడు. పండ్ల లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. నాలుగు రాళ్లు పాతిన చేను చూపించి, "ఇరవై నిమిషాల్ల ఎల్బీనగర్ల ఉంటరు" అన్నాడు.

"నా క్లాసు అయ్యేసరికి చీకటి పడుతుంది. ఇక్కడ ఒక్క లైటు కూడా లేదు. ఎలా రావాలి?"

"ఎవలన్న దింపుతరు తీయ్ మేడమ్."

సింధూర అక్కడే నిలబెట్టి అతన్ని నాలుగు దులిపింది. దులిపితే మాత్రం ఏం లాభం? భయం లేని చోటు చేతికందదు, చేతికందే చోట భయం వదలదు. ఇంత పెద్ద ఊరు కట్టిన వాళ్లలో ఒక్కడికీ ఇద్దరాడవాళ్లు ఎక్కడుంటారన్న ఆలోచనే రాలేదు. కడుపు మండక ఏమవుతుంది?

నెలాఖరు దగ్గర పడుతుండగా సైదులు హయత్‌నగర్ దాటాక, హైవే నుంచి కొంచెం లోపలికి, ఒక వరసలో నాలుగు ఇళ్లు చూపించాడు. వీధి దీపాలున్నాయి, బస్సుంది. గోడలకు తళతళలాడే రంగు. రోడ్డు కూడా కొత్తగా ఎత్తి పోసిన సిమెంటుది. ధర సరిగ్గా ఆమె దాచినంతలోనే ఉంది. ఇంత తక్కువకి ఎందుకు ఇస్తున్నారు? ఏడాది పొడుగునా పిల్లలకు 'ఎందుకు' అని అడగడం నేర్పే సింధూర ఆ ఒక్క ప్రశ్నా వేయలేదు. అంతగా అలసిపోయింది.

బిల్డర్ మనిషి జగన్ తొందరపెట్టాడు. "ఎల్లుండి నుంచి మూఢం మేడమ్. రెండు నెల్ల దాంక ముహూర్తాలు లెవ్వు. రేపు పొద్దుగాల పాలు పొంగిచ్చుకోని చెక్కు ఇయ్యుండ్రి. రిజిస్ట్రేషన్‌దేముంది, కాయితమే గద, ఎనక జేస్కుందం."

మనవాళ్లు చిత్రమైనవాళ్లు. కాగితం లేకపోతే భయపడరు, ముహూర్తం లేకపోతే వణికిపోతారు. పాలు పొంగించిన ఇంటిని వదిలేస్తే అరిష్టమని వాళ్ల భయం. ఆ భయం సంగతి మనకన్నా బిల్డర్లకే బాగా తెలుసు. సింధూర కూడా సరేనంది.

మర్నాడు పొద్దున నాలుగు ఇళ్లలోనూ గృహప్రవేశాలే. ఒకే పంతులుగారు ఇంటింటికీ పరుగెడుతున్నారు. పక్కింట్లో నల్గొండ వైపు నుంచి వచ్చిన సంతోషి, ఆమె మొగుడు ఇటుకల మీద పొయ్యి పెట్టుకుంటున్నారు. అతను డీసీఎం వ్యాను నడుపుతాడు. అమ్మాజీ వీధి పొడుగునా అటూ ఇటూ చూస్తూ, పాలగిన్నెతో వచ్చి గడప ముందు నిలబడింది.

"కుడికాలు పెట్టండమ్మా" అన్నారు పంతులుగారు.

ఆమె కాలు ఎత్తకముందే చేతిలో పాలు పొంగిపోయాయి. పొంగి గడప మీద పడ్డాయి. అక్కడి నుంచి లోపలికి, హాలంతా దాటి, వెనక గోడ దాకా పాకి మడుగు కట్టాయి.

"శుభం! చూశారా, లక్ష్మి లోపలికి నడిచొస్తోంది!" అన్నారు పంతులుగారు. జగన్ చెయ్యి చాపాడు. సింధూర సంచిలోంచి చెక్కు తీసి, తల్లి చేతుల వైపు చూసి ఆగిపోయింది.

"ఎవరి మీదమ్మా ఈ కోపం?"

"ఏం లేదులే సింధూ. నీకు నచ్చింది కదా, ఇచ్చెయ్."

పాలు ఇంకా ఎక్కువగా పొంగాయి.

"చెప్పమ్మా. నా కోసం మింగకు."

అమ్మాజీ గడ్డంతో గోడ వైపు చూపించింది. "ఆ రంగు చూడు. ఈ నాలుగు ఇళ్లకీ, ఎదురు గోడకీ, ఆఖరికి కరెంటు స్తంభానికీ నా గుండెల ఎత్తు దాకానే కొత్తగా వేశారు. పైనంతా పాత రంగే. ఎందుకు బాబూ?"

జగన్ నవ్వబోయాడు. "పోయినేడు జరన్ని నీళ్లొచ్చినయమ్మా. ఒక్కదినమే. గా వానకు హైదరాబాద్ల నీళ్లు యాడ రాలే చెప్పు?"

"రోడ్డు ఎత్తు చేసి ఇళ్లని గుంటలో వదిలేశారు!" అంది అమ్మాజీ. అది మాట కాదు, కేక. పుట్టాక ఆమె వేసిన మొదటి కేక వీధి చివర దాకా వినపడింది. "లక్ష్మి కాదు పంతులుగారూ లోపలికొచ్చేది! వానొస్తే ఆ పాలు పోయిన దారినే నీళ్లు పోతాయి! మగదిక్కు లేని ఇల్లని ఒకడు వెళ్లగొడితే, ఇంకొకడు నీళ్లలో ముంచుతాడా? నా బిడ్డ గొంతు అరిగిపోయేలా అరిచి దాచుకున్న డబ్బురా అది! సిగ్గు లేదూ మీకు?"

గిన్నెలో పాలు సద్దుమణిగాయి. జగన్ చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నెలాఖరుకి ఎక్కడ తలదాచుకుంటారో సింధూరకు తెలియదు. అయినా చెక్కు మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆ కేకకి సంతోషి కొంగు దోపుకుంటూ పరుగెత్తుకొచ్చింది. గడప దగ్గర వంగి, పాలు పోయిన దారిని వెనక గోడ దాకా చూసింది. తర్వాత తన ఇంటి వైపు తిరిగి గట్టిగా అరిచింది.

"ఏమయ్యో! పొయ్యి బంద్ జెయ్యి!"