తెల్లచుక్క కందిగింజలు

ఆసియా పోయిన రోజునే గింజల డబ్బా కూడా కనిపించకుండా పోయింది. ఆ రోజు డబ్బా సంగతి ఎవరికీ పట్టలేదు, తల్లి హఫ్సాకు కూడా. వచ్చే జనానికి చోటు కావాలని ముందుగదిలో బల్ల జరిపారు, అరలు ఖాళీ చేశారు, పుస్తకాలు మంచం కిందికి తోశారు. పదకొండేళ్ల పిల్లను మధ్యాహ్నం నమాజు తర్వాత తీసుకెళ్లారు. సాయంత్రానికి ఎవరో ఇల్లు ఊడ్చారు, ఎవరో గ్లాసులు కడిగి బోర్లించారు. ఇల్లు ఎన్నడూ లేనంత శుభ్రంగా ఉంది.

నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన అయ్యాక హఫ్సా మళ్లీ ఉద్యోగంలోకి వెళ్లింది. నరసరావుపేటలో ఒక జూనియర్ కాలేజీలో ఆమె ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతుంది. రెండో సంవత్సరం వాళ్లకు జనాభా జన్యుశాస్త్రం పాఠం వచ్చింది. దానికి గింజలు కావాలి. అరలన్నీ వెతికి, చివరికి అత్తను అడిగింది.

"ఏ డబ్బా? ఆ బిస్కెట్ల డబ్బానా?" అంది ఖాతూన్ బీ, కత్తిపీట ముందు నుంచి తల ఎత్తకుండానే. "దాంట్లో ఉంది కందులే గదా. పెద్ద డబ్బాలో కలిపేశా. ఆ డబ్బాలో రొంపిచెర్ల చుట్టాలకి అన్నం కట్టిచ్చా."

"అవి వండే కందులు కాదత్తా."

"కందులు వండక ముద్దు పెట్టుకుంటారటే?"

నిజానికి ఆ గింజలను ముద్దు పెట్టుకున్న మనిషి ఒకతి ఆ ఇంట్లో ఉండేది.

ఆ గింజల కథ మూడేళ్ల నాటిది. మొదట్లో హఫ్సా తొంభై కందులు, పది అలసందలు గుడ్డసంచిలో పోసి క్లాసుకు తీసుకెళ్లేది. కంది ఒక రకం యుగ్మవికల్పం, అంటే జన్యువుకు ఒక రూపం, అలసంద ఇంకో రకం. పిల్లలు ఒక్కొక్కరూ చూడకుండా చెయ్యి పెట్టి రెండు గింజలు తీస్తారు. ఒకటి తల్లి ఇచ్చింది, ఇంకోటి తండ్రి ఇచ్చింది. ఏ జత ఎన్నిసార్లు వచ్చిందో బోర్డు మీద రాస్తారు, గింజలు మళ్లీ సంచిలో వేస్తారు. ఒకరోజు ఇంట్లో ఆ సంచిలో చెయ్యి పెట్టి చూసిన ఆసియా, "దొంగాట అమ్మా ఇది! అలసంద లావుగా ఉంది, తడిమితేనే తెలిసిపోతోంది. కావాలంటే నేను పదికి పదీ అలసందలే తీస్తా చూడు," అంది. తీసి చూపించింది కూడా. ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్న హఫ్సాకు ఆ సంగతి తట్టలేదు. ఆ ఆదివారం కూతురే కూర్చుని, అన్నీ కందులే తీసుకుని, పది గింజలకు వైట్‌నర్‌తో చిన్న చుక్క పెట్టింది. ఒక్కో చుక్క పెట్టి, నోటితో ఊది ఆరబెట్టి, ముద్దు పెట్టి డబ్బాలో వేసింది. "ఇప్పుడు తడిమితే అన్నీ ఒకటే. చుక్క ఉన్నట్టు చేతికి తెలియదు," అంది. అప్పుడు దానికి ఎనిమిదేళ్లు.

థలసేమియా ఉన్న పిల్ల. పుట్టిన ఎనిమిదో నెలలో బయటపడింది. అప్పటి నుంచి మూడు వారాలకోసారి గుంటూరు వెళ్లి రక్తం ఎక్కించుకు రావాలి. తల్లీ కూతుళ్లే వెళ్లేవాళ్లు. భర్త జహీర్‌కు బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఉంది, సీజన్ అయితే రైతులు కూర్చుని ఉంటారు, సీజన్ కాకపోతే బాగుచేసే పని ఉంటుంది. బస్సులో కిటికీ పక్క సీటు ఆసియాది. ఎండలో ఆరబోసిన మిరపకళ్లాలు వచ్చినప్పుడు ఇద్దరూ ఒకేసారి తుమ్మి నవ్వుకునేవాళ్లు. తల్లి నోట విన్న లెక్కను ఆ పిల్ల ఆటగా మార్చేసింది. జబ్బు లేకుండానే దాన్ని మోసే వాహకులు వందకు ముగ్గురో నలుగురో ఉంటారని పుస్తకంలో ఉంది కదా, బస్సులో అరవైమంది ఉన్నారు కదా, అయితే ఈ బస్సులో ఇద్దరు ఉండాలి.

"ఒకరు నువ్వు. ఇంకొకరు ఎవరబ్బా? ఆ ఎర్రచీర అమ్మమ్మ అయి ఉంటది."

"చూస్తే తెలియదు నాన్నా."

"అందుకే గదా ఊహించేది. కాదు కాదు, కండక్టర్ మామ! చానా హుషారుగా ఉన్నాడు. పాపం, ఆయనకి తెలీదు."

ఏ నెల ఎవరిని ఎంచిందో హఫ్సాకు ఇప్పటికీ గుర్తుంది. రక్తం ఎక్కించుకుని తిరిగి వచ్చేటప్పుడు బుగ్గలకు రంగు వచ్చి ఉండేది, ఆట ఇంకా జోరుగా సాగేది. ఒకసారి మాత్రం చిలకలూరిపేట దాటాక, ఎవరినీ ఎంచకుండా చాలాసేపు ఊరుకుని, "అమ్మా, నాన్న కూడా గదా? లేకపోతే నాకు రెండు చుక్కలు ఎట్లా వస్తాయి?" అని అడిగింది. హఫ్సా సీసా మూత తీసి, "ముందు నీళ్లు తాగు," అంది. క్లాసులో వందమంది పిల్లలకు చెప్పే జవాబు కన్నకూతురికి చెప్పలేదు. ఆ పిల్ల నీళ్లు తాగింది. మళ్లీ అడగలేదు.

ఎందుకు చెప్పలేదని ఇప్పుడు కందులు ఏరుకుంటూ కూర్చున్నప్పుడు ఆలోచిస్తుంది. జబ్బు బయటపడిన రోజు డాక్టరు తల్లిదండ్రులిద్దరినీ పరీక్షకు రక్తం ఇమ్మన్నారు. జహీర్ టీ తాగొస్తానని బయటికి వెళ్లి, ఆమె ఇచ్చి వచ్చేదాకా రాలేదు. వచ్చాక, "నాకేందంట? ఎద్దులాగా ఉన్నా. పొద్దున్నే అయిదు హెచ్‌పీ మోటార్ ఒక్కణ్నే దించా," అన్నాడు. అలా ఆ ఇంట్లో ఒకే ఒక్క కాగితం మిగిలింది. దాని మీద హఫ్సా పేరు, కింద వాహకురాలు అన్న మాట. ఖాతూన్ బీ దాన్ని పెద్దకొడుకు జమీర్ చేత చదివించుకుంది. హఫ్సా ఆమెకు సొంత తమ్ముడి కూతురు. అందుకని తమ్ముడి రక్తాన్ని అనలేక, తమ్ముడి భార్యను అంది. "మా వైపు ఏడు తరాల్లో ఇట్లాంటిది లేదమ్మా. దీని తల్లిది కారంపూడి గదా. ఆ కారంపూడి రక్తం ఇది." ఆ మాట పెళ్లిళ్లలో, పరామర్శల్లో, కూరగాయల బండి దగ్గర కూడా వినిపించింది. హఫ్సా తల్లి బతికి ఉన్నన్నాళ్లూ మనవరాలిని చూడటానికి వస్తే గుమ్మంలోనే నిలబడేది. తన చుక్క ఎక్కడి నుంచి వచ్చిందో హఫ్సాకు తెలియదు, కారంపూడి నుంచే వచ్చి ఉండొచ్చు. కానీ జహీర్ చుక్క కారంపూడి నుంచి రాలేదు. ఆ ఒక్క వాక్యం పదేళ్లుగా ఆమె నోటి దాకా వచ్చి ఆగిపోతోంది. చెబితే ఏమవుతుంది, ఇల్లు రెండుగా చీలుతుంది, పిల్ల ముందు గొడవ అవుతుంది, ఆ నెల బస్సు ఛార్జీలు అడగాల్సినప్పుడు మొహం చూడలేం. ఇలా ప్రతిసారీ ఒక కారణం దొరికేది. పిల్ల ఉంది కాబట్టి ఊరుకుంది. ఇప్పుడు ఊరుకోవడానికి పిల్ల లేదు.

రోజూ కాలేజీ నుంచి రాగానే చేటలో రెండు దోసిళ్ల కందులు పోసుకుని వెతికేది. మొదటి వారం నాలుగు దొరికాయి. ఒకరోజు అత్తే, "కందులకి తెగులు పట్టినట్టుందే, తెల్ల మచ్చలు. ఇట్లాంటివి కనపడితే ఏరి పారెయ్," అంటూ ఒక గింజను చెత్తలోకి విసరబోయింది. హఫ్సా చెయ్యి చాచింది. "ఇటివ్వండి." ఖాతూన్ బీ ఇచ్చేసింది.

తొమ్మిది దొరికాయి. పదోది దొరకలేదు. క్లాసు రోజు వచ్చేసింది కాబట్టి మామూలు గింజ ఒకదానికి తనే చుక్క పెట్టింది. తన చుక్క పెద్దదిగా, వంకరగా వచ్చింది.

సంచి చేతులు మారింది. పిల్లలు తీశారు, రాశారు, మళ్లీ వేశారు. బోర్డు మీద హఫ్సా లెక్క వేసింది. వంద గింజల్లో చుక్క లేనివి తొంభై, అంటే పి విలువ సున్నా పాయింట్ తొమ్మిది. చుక్క ఉన్నవి పది, క్యూ సున్నా పాయింట్ ఒకటి. రెండూ కలిస్తే ఒకటి. రెండు చుక్కలున్న జత, క్యూ స్క్వేర్, వందకు ఒకటి. ఒక్క చుక్క ఉన్న జత, టూ పీ క్యూ, వందకు పద్దెనిమిది. మిగిలిన ఎనభై ఒకటీ చుక్క లేని జతలు.

రెండో బెంచీలో కవిత అనే పిల్ల లేచింది. రొంపిచెర్ల నుంచి బస్సులో వచ్చే పిల్ల, ఏదైనా మొహమాటం లేకుండా అడిగేస్తుంది. "మేడమ్, జబ్బు ఒకరికి, దాచుకున్నోళ్లు మాత్రం పద్దెనిమిది మందా!"

క్లాసు నవ్వింది. "దాచుకోలేదు. వాళ్లకు తెలియదు," అంది హఫ్సా.

"టెస్ట్ చేయించుకుంటే తెలుస్తది గదా మేడమ్. మరి ఒక చుక్కే వస్తే బిడ్డకి జబ్బు రాదా?"

"రాదు. రెండు చేతుల నుంచీ రావాలి."

ఆ మాట అన్నాక హఫ్సా బోర్డు వైపు తిరిగి, ఈ సూత్రం నిలవాలంటే ఉండాల్సిన షరతులు చెప్పింది. జనాభా పెద్దదై ఉండాలి. జతకట్టడం యాదృచ్ఛికంగా జరగాలి. రెండో షరతు బోర్డు మీద రాస్తుంటే చెయ్యి ఆగింది.

ఆరేళ్ల కిందట ఆడబిడ్డ కుల్సుం అడిగింది. "నా పిల్లలకేమన్నా వస్తదంటావా హఫ్సా? చదువుకున్నదానివి, లెక్కేసి చెప్పు." ఆ రోజు ఆసియాకు జ్వరం. సంభాషణ త్వరగా తెగితే చాలని, "వందకు ముగ్గురు నలుగురు వదినా, ఇద్దరూ వాహకులై కలవడం వెయ్యికి ఒకటి. భయం లేదు," అని చెప్పేసింది. అది బస్సులో జనం లెక్క. ఎవరికి ఎవరు ఏమవుతారో తెలియని మనుషుల లెక్క. ఒకే ఇంట్లో పిల్లను ఇచ్చి, ఒకే ఇంట్లో పిల్లను తెచ్చుకునే వాళ్లకు ఆ లెక్క పనికిరాదు. పాఠం చెప్పే మనిషి తన ఇంటికి తప్పు సూత్రం వేసింది. కుల్సుం ఆ మాటను భద్రంగా దాచుకుంది. ఇప్పుడు ఆమె కూతురు నజీమాను జమీర్ కొడుకు అమ్జద్‌కు ఇస్తున్నారు. వచ్చే నెల నిఖా. ఎవరైనా అనుమానపడితే కుల్సుం చెప్పే జవాబు ఒకటే. "మా హఫ్సానే లెక్కేసి చెప్పిందిగా."

ఆ ఆదివారం కుల్సుం, నజీమా కార్డు ఇవ్వడానికి వచ్చారు. నజీమా హఫ్సా దగ్గరే చదువుకున్న పిల్ల, ఇప్పుడు బ్యాంకు పరీక్షలు రాస్తోంది. ఖాతూన్ బీ మనవరాలి గాజులు చూసి మురుస్తోంది. జహీర్ గుమ్మంలో కూర్చుని చెప్పుల దుమ్ము దులుపుతున్నాడు. హఫ్సా టీ పెట్టి, గ్లాసులు అందరికీ ఇచ్చి, తనూ కూర్చుంది. ఆ ఇంట్లో ఆమె అందరితో పాటు కూర్చోవడం అరుదు. అందుకే అందరూ ఆమె వైపు చూశారు.

"వదినా, అప్పుడు నేను చెప్పింది తప్పు."

"ఏంది తప్పు?"

"ఆ లెక్క పరాయివాళ్లది. మన ఇంటి లెక్క వేరు." తన పాత రిపోర్టు వెనక వైపు గీసుకొచ్చిన వంశవృక్షం పటం తీసి బల్ల మీద పెట్టింది. "ఆసియాకు రెండు వచ్చాయి. ఒకటి నాది. రెండోది ఈయనది. ఆయనకు అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చి ఉండాలి. అంటే నీకు ఉండే అవకాశం సగం, జమీర్ బావగారికి సగం. నజీమాకు పావు, అమ్జద్‌కు పావు. ఇద్దరికీ ఉండే అవకాశం పదహారింట ఒకటి. వెయ్యికి ఒకటి కాదు."

"శుభమా అని కార్డు ఇయ్యడానికొస్తే ఇదేం మాటలే?" ఖాతూన్ బీ గాజులు వదిలేసింది. "పిల్లని పోగొట్టుకుని మతి పోయిందా? మా వైపు ఏడు తరాల్లో..."

"ఏడు తరాల్లో ఎంతమంది పిల్లలు ఏడాది నిండకుండా పోయారో లెక్క ఉందా అత్తా?"

పెద్దకొడుకు జమీర్ తర్వాత, కుల్సుం కంటే ముందు ఖాతూన్ బీకి ఒక పిల్ల పుట్టి, పాలిపోయి, పళ్లు రాకముందే పోయింది. దిష్టి అన్నారు. ఆ పిల్ల పేరు ఆ ఇంట్లో ఎవరూ పలకరు. ఆమె టీ గ్లాసు కింద పెట్టేసింది. హఫ్సా చూపు తిప్పేసుకుంది.

జహీర్ చెప్పు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "అందరి ముందు నన్నేంది అంటున్నావు నువ్వు?"

"ఏమీ అనడం లేదండీ. ఆసియాకు రెండు చేతుల నుంచీ వచ్చిందని చెబుతున్నా. మీ తప్పు కాదు. నా తప్పూ కాదు. అదొక్కటీ మీ నోటితో ఒక్కసారి అని ఉంటే మా అమ్మ లోపలికి వచ్చి కూర్చునేది."

ఆయన చెప్పులు వేసుకుని షాపుకు వెళ్లిపోయాడు. ఆదివారం షాపు లేదు.

నజీమా కాగితం తన వైపు తిప్పుకుంది. హఫ్సా గీసిన పటంలో అడుగున తన పేరు, అమ్జద్ పేరు, వాటి పక్కన పావు, పావు అని ఉన్నాయి. కాసేపు చూసి, "రక్తం ఎక్కడ ఇయ్యాలత్తా?" అని అడిగింది.

"ఏమే!" అంది కుల్సుం.

"ఉండమ్మా. ఇద్దరిలో ఒకరికి లేకపోతే చాలు గదత్తా?"

"చాలు."

మంగళవారం హఫ్సా, నజీమా గుంటూరు బస్సు ఎక్కారు. నజీమా కిటికీ పక్కన కూర్చుంది. మిరప పంట ఇంకా రాలేదు, కళ్లాలు ఖాళీగా ఉన్నాయి. బస్సులో అరవైమంది దాకా ఉన్నారు. హఫ్సా ఎవరినీ ఎంచలేదు గానీ, కండక్టరు టికెట్ ఇచ్చి వెళ్తుంటే అతని వీపు వైపు కొంచెంసేపు చూస్తూ ఉండిపోయింది.

నజీమా రిపోర్టు వచ్చే వారం వస్తుంది. అమ్జద్ ఇంకా రక్తం ఇవ్వలేదు. జహీర్ ఇవ్వలేదు. పెద్ద డబ్బాలో కందులు ఇంకా సగం ఉన్నాయి, పదో గింజ వెతకాలి.