రేపు డబ్బ బంద్

పెంటయ్య కుడి చెయ్యి చెవి దాటి పైకి లేవడం మానేసి ఒక వానాకాలం గడిచిపోయింది. ఆ సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు అతని భార్య కిష్టమ్మ. పొద్దున్నే అతను తలకు రుమాలు చుట్టుకోబోయి సగంలో ఆగిపోతే, ఏమీ అడక్కుండా వచ్చి తనే చుట్టిపోయేది. రెండోవారు కాలనీలో మూలింటి లీదియా. పెద్ద ఆసుపత్రిలో నర్సు. ఒకరోజు బకెట్టు ఎత్తబోయి చెయ్యి మార్చుకున్న పెంటయ్యను గేటు దగ్గరే నిలబెట్టి, భుజం పట్టి చూసింది.

"పెంటయ్య గారూ, ఇక మీరు బరువులు ఎత్తకూడదండీ. ఎత్తారంటే రేపు అన్నం కలుపుకోవడానికి కూడా ఈ చెయ్యి రాదు."

"సరేనమ్మా," అన్నాడు పెంటయ్య. అని, పక్కింటి బకెట్టు ఎత్తాడు.

ఎత్తక ఏం చేస్తాడు? అతని పనే అది. పుప్పాలగూడ గుట్ట దిగువన, బండరాళ్లు పగలగొట్టి చదును చేసిన చోట కట్టిన విల్లాల కాలనీ అది. ఆ ఇళ్లకు పునాదులు తవ్వినప్పటి నుంచీ పెంటయ్య అక్కడే ఉన్నాడు. ముందు మట్టి మోశాడు, ఇప్పుడు చెత్త మోస్తున్నాడు. మూడు చక్రాల రిక్షా తొక్కుకుంటూ గేటు గేటుకూ ఆగి, బకెట్టు అందుకుని, భుజం దాకా ఎత్తి, రిక్షా మీది రేకు పెట్టెలోకి కుమ్మరించాలి. వాన పడిన మర్నాడు బకెట్టులో చెత్త కంటే నీళ్లే ఎక్కువ ఉండేవి. కొబ్బరి బొండాల సీజన్‌లో అయితే ఇక చెప్పక్కర్లేదు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బడులు మూతపడ్డాయి. బస్సులు డిపోలు దాటడం లేదు. ఒకరోజు ఆటోలు బంద్, ఇంకోరోజు రైళ్లు బంద్, మరోరోజు అన్నీ బంద్. కిష్టమ్మ కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని వంటా వార్పుకు పోయి, నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి అన్నం వండి వచ్చింది. గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసే కాలనీవాళ్లు పొద్దున్నే లేచి, "ఇవాళ బంద్ ఉందా?" అని ఒకరినొకరు అడిగాకే పళ్లు తోముకునేవారు.

అలాంటి రోజుల్లో కాలనీకి చక్రాల డబ్బాలు వచ్చాయి. ఇంటికొకటి. ఆకుపచ్చగా, నడుమెత్తు ఉన్నాయి. పైన మూత, వెనకాల పట్టుకునే పిడి, అడుగున రెండు చక్రాలు. చెత్త అందులో వేసి, దొర్లించుకుంటూ తెచ్చి గేటు ముందు నిలబెడితే చాలు. లారీ వస్తుందట. లారీ పక్కనుంచి ఒక ఇనుప చెయ్యి చాపుకుని డబ్బాను పట్టి, పైకెత్తి, తలకిందులు చేసి, మళ్లీ తెచ్చి అదే చోట దించుతుందట. డ్రైవరు సీటు దిగనే దిగడట.

ఊళ్లో చాయ్ హోటల్ దగ్గర అందరూ పెంటయ్యను చూసి అయ్యో అన్నారు.

"నీ పొట్ట కొట్టిండ్రు గదే! నువ్వు గూడ సమ్మెల కూసో. పోయేదేముంది?"

పెంటయ్య చాయ్ ఊదుకుంటూ తల ఊపాడు. లోపల మాత్రం, ఎత్తే చెయ్యి ఇనుపదైతే తన చేతికి నొప్పి ఉండదు కదా అనుకుంటున్నాడు. ఆ మాట బయటికి అంటే ఊళ్లోవాళ్లు ఏమనుకుంటారో! అసలు మాట్లాడటమే అతనికి కష్టమైన పని. మూటలు మోయమంటే మోస్తాడు గానీ మాటలు మోయలేడు.

కాలనీ పెద్ద పట్టాభిరామయ్య అతన్ని పిలిచి సంగతి తేల్చి చెప్పాడు. బెజవాడలో ఇంజనీరుగా రిటైరై వచ్చిన మనిషి, ఏదీ దాచడు.

"చూడు పెంటయ్యా, లారీ కంపెనీవాళ్లు ఒక్కసారి వచ్చి చూపిస్తామన్నారు. అది బాగా సాగితే లారీ మనకే. నిన్ను తీసెయ్యొద్దని గట్టిగా చెప్పాను. నువ్వు లారీ ముందు నడుస్తూ డబ్బాలు సరిగ్గా నిలబెడితే చాలు. ఒకవేళ సాగలేదనుకో, లారీ ఇంకో కాలనీకి పోతుంది. నీకు మళ్లీ ఆ రిక్షాయే."

"సాగుతది సార్," అన్నాడు పెంటయ్య.

"బంద్ లేని రోజు చూసుకుని వస్తారు. ముందురోజు సాయంత్రం నువ్వే ఇల్లిల్లూ తిరిగి చెప్పాలి. అలా అని అందరికీ ముందే చెప్పి ఉంచాను."

పెంటయ్యకు తిరగడానికి భయం లేదు, చెప్పడానికే.

లారీ డ్రైవరు యాదయ్య శంకరపల్లి దిక్కు మనిషి. ఒకరోజు వచ్చి కాలనీ రోడ్లు చూసుకుని, ఏం చెప్పాలో పెంటయ్యకు నేర్పి పోయాడు. "పెంటన్నా, చక్రాలు ఇంటి దిక్కు ఉండాలె. మూత మాత్రం పక్కా బంద్ ఉండాలె. లేకుంటే ఎత్తంగనే చెత్తంత రోడ్డు మీద పడ్తది. ఆ కంపెనీ మనిషికి మూతి ముడుసుకునుడు తప్ప ఇంకోటి రాదు."

ఎల్లుండి, కాదు అవతలెల్లుండి అంటూ లారీ రావడం రెండుసార్లు వాయిదా పడ్డాక, చివరికి రేపే అని కబురొచ్చింది.

ఆ సాయంత్రం పెంటయ్య మొదటి లైన్ మొదటి గేటు ముందు నిలబడి, దారి పొడుగునా వల్లెవేసుకున్నదంతా అప్పజెప్పాడు. "అమ్మా, రేపు పొద్దుగాల డబ్బ గేటు ముంగట పెట్టుండ్రి. చక్రాలు ఇంటి దిక్కు ఉండాలె. మూత బంద్ చేయుండ్రి."

నాలుగిళ్ల దాకా ఆ మాట అలాగే నడిచింది. అయిదో ఇంట్లో కుక్క మొరిగింది. చక్రాలూ, గేటూ, పెట్టమనడమూ అక్కడే జారిపోయాయి. "రేపు డబ్బ మూత బంద్," అన్నాడు. రెండో లైన్‌కు వచ్చేసరికి నోరెండింది. మూత కూడా పోయింది. ఆ తర్వాత ఇక ఏ గేటు దగ్గర చూసినా ఒకటే మాట.

"రేపు డబ్బ బంద్."

నిక్కరు వేసుకుని ఫోన్ మాట్లాడుతున్న ఒక కుర్ర ఇంజనీరు ఉసూరుమన్నాడు. "మళ్లీ రేపా?"

"ఆఁ, రేపే."

"పూర్తిగా బందేనా? మధ్యాహ్నం దాకేనా?"

పెంటయ్యకు ఆ ప్రశ్న కాస్త వింతగా తోచింది. మూత మధ్యాహ్నం దాకా ఏమిటి? అయినా గట్టిగానే చెప్పాడు. "పూర్తిగ బంద్ ఉండాలె సార్. సగం సగం చేస్తె నడ్వది."

"అబ్బో, గట్టిగానే ఉన్నారే!" అంటూ ఆ అబ్బాయి లోపలికి పోయాడు.

ఇంకో ఇంటావిడ, "అయితే పాల ప్యాకెట్లు ఇప్పుడే తెచ్చుకోమంటావా?" అంది.

"మీ ఇష్టం అమ్మా," అన్నాడు పెంటయ్య. చెత్త డబ్బాకూ పాలకూ ఏం సంబంధమో తెలియలేదు. పెద్ద ఇళ్లవాళ్ల పద్ధతులు వేరే ఉంటాయిలే అనుకున్నాడు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ, "అందరు మంచిగనే విన్నరు. మారు మాట అడగలే," అని కిష్టమ్మతో అన్నాడు. తను అడక్కుండానే అతను అంత మాట్లాడటం చూసి కిష్టమ్మ మురిసిపోయింది.

తెల్లారింది. లారీ వచ్చింది. దాని వెంట కారులో కంపెనీ మనిషి, మెడలో తాడుకు కార్డు వేలాడేసుకుని. ఊళ్లోంచి మెయిన్ రోడ్డు మీదికి ర్యాలీ రాబోతోందని, అది కదిలేలోగా లారీ బయటపడాలని అతని కంగారు.

మొదటి లైన్‌లో మొదటి డబ్బా పట్టాభిరామయ్యది. ఇనుప చెయ్యి చాపుకుని వచ్చింది, పట్టింది, ఎత్తింది, కుమ్మరించింది, పాపను ఉయ్యాల్లోంచి దించినట్టు దించింది. పట్టాభిరామయ్య చప్పట్లు కొట్టాడు. రెండోది, మూడోది, నాలుగోది. అక్కడితో సరి. ఆ తర్వాత ఒక్క గేటు ముందూ డబ్బా లేదు. మలుపు తిరిగి రెండో లైన్‌లోకి పోయారు. ఊడ్చిపెట్టినట్టు ఖాళీ. మూడో లైన్‌లో ఒక పిల్లి మాత్రం ఉంది.

కంపెనీ మనిషి మూతి ముడుచుకున్నాడు. "జనానికి ఇష్టం లేనట్టుందండీ. మమ్మల్ని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. యాదయ్యా, బండి తిప్పు."

పట్టాభిరామయ్య పెంటయ్య వైపు తిరిగాడు. "చెప్పలేదా నువ్వు?"

"చెప్పిన సార్."

"అందరికీనా?"

"అందరికి."

"అందరికీ చెబితే ఒక్కరు పెట్టరా?" అని, గొంతు తగ్గించాడు. "నిజం చెప్పు. సమ్మె కదా అని నువ్వే గనక వద్దని చెప్పి ఉంటే, నేనేమీ అనను. నాకు తెలియాలి, అంతే."

ఎదురుగా వాచ్‌మన్ గది పక్కన పెంటయ్య రిక్షా, రేకు పెట్టె నోరు తెరుచుకుని కనిపిస్తోంది. లారీ వెనక్కి తిరుగుతూ కీచుకీచుమంటోంది. ఆ చప్పుడుకే అతని భుజం సలపరించడం మొదలుపెట్టింది. తెలంగాణ రావాలని అతనికీ ఉంది. దానికోసం ఆకలితో కూర్చోమన్నా కూర్చుంటాడు. కానీ ఈ లారీ పోవాలని మాత్రం అతను ఏ దేవుడికీ మొక్కలేదు. ఇదంతా చెప్పాలంటే ఎన్ని మాటలు కావాలి!

అంతలో గేటు ముందు ఒక అంబులెన్సు ఆగింది. రాత్రి డ్యూటీ ముగించుకున్న లీదియా అందులోంచి దిగింది. అందరూ హడలిపోయారు.

"ఎవరికీ ఏమీ కాలేదండీ. ఇవాళ బంద్ కదా, వేరే బండైతే ఆపేస్తారని ఇందులో దింపమన్నాను. రోడ్డు మీద చూస్తే అన్నీ తిరుగుతున్నాయేంటి?"

"బందా? ఇవాళ బంద్ అని ఎవరన్నారమ్మా?" అన్నాడు పట్టాభిరామయ్య.

"మా ఆయన ఫోన్ చేసి చెప్పారండీ. పెంటయ్య గారు ఇంటికొచ్చి చెప్పి వెళ్లారట."

అందరి చూపులూ పెంటయ్య మీద పడ్డాయి. అతను రెండు చేతులూ ఊపాడు. కుడి చెయ్యి సగంలోనే ఆగింది.

"నేనా? నేను గట్ల చెప్పలే! మూత బంద్ అని చెప్పిన!"

"మూతా?"

పెంటయ్య గబగబా పోయి పట్టాభిరామయ్య డబ్బా మూత తెరిచి, టప్పున మూశాడు. "గిట్ల. బంద్."

ముందుగా లారీలోంచి యాదయ్య నవ్వు వినిపించింది. స్టీరింగు మీద తల ఆనించి నవ్వుతున్నాడు. "ఓ పెంటన్నా! లీడర్లు మైకులు పట్టుకొని మొత్తుకున్నా గింత పక్కా బంద్ కాలే గదనే! ఒక్కనివే చేసినవ్!"

లీదియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పట్టాభిరామయ్యకు నవ్వీ నవ్వీ కళ్లజోడు జారింది. "మేం తలుపు వేస్తాం, ఫ్యాను ఆపుతాం, మూత పెడతాం. మీకేమో అన్నీ బందే!"

"మరి బంద్ గాకుంటె ఏమంటరు సార్?" అన్నాడు పెంటయ్య. అతనికి నిజంగానే తెలియదు.

కంపెనీ మనిషి కూడా మూతి విప్పాడు. "సరే, ర్యాలీ కదిలేలోగా ఎన్ని వస్తే అన్ని చూద్దాం."

అప్పుడు పెంటయ్య పరుగెత్తాడు. ఆ కాలనీలో ఇన్నేళ్లలో ఎవరూ వినని గొంతు ఒకటి లైన్ ఈ చివరి నుంచి ఆ చివరికి పోయింది.

"బంద్ లేదూ! సార్లూ, అమ్మలూ, బంద్ లేదు! డబ్బలు పట్టుకరాండ్రి! ఓ అమ్మా, బంద్ లేదు!"

కిటికీలు తెరుచుకున్నాయి. బంద్ లేదనే మాట ఆ రోజుల్లో పండగ కబురు లాంటిది. నిక్కరు ఇంజనీరు మేడ మీంచి అరిచాడు. "ఇంట్లోంచే పని చేస్తానని ఆఫీసుకు చెప్పేశానయ్యా! ఇప్పుడెలా?"

"మూతనే బంద్ సార్! మీ పని బంద్ గాదు!"

పాల ప్యాకెట్ల ఆవిడ నిన్న తెచ్చి పెట్టుకున్న పాలను తలుచుకుని తిట్టుకుంటూనే డబ్బా లాక్కొచ్చింది. ఒకటి తర్వాత ఒకటి గేట్లు తెరుచుకున్నాయి. సిమెంటు రోడ్డు మీద చక్రాలు గడగడలాడాయి. చీరల్లో, నైటీల్లో, టై కట్టుకుని చెప్పుల్లేకుండా, అందరూ డబ్బాలు తోసుకొస్తున్నారు. పెంటయ్య ముందు నడుస్తూ ఒక్కో డబ్బాను ఎడమచేత్తో తిప్పి, చక్రాలు ఇంటి దిక్కు చేసి, మూత మూశాడు. అన్నిటికంటే నిండుగా ఉన్న ఒక డబ్బాను రెండు వేళ్లతో తోస్తే కదిలింది. నమ్మలేక మళ్లీ తోసి చూశాడు.

వెనక ఇనుప చెయ్యి లేస్తోంది, దిగుతోంది. అది లేచినప్పుడల్లా, అలవాటు కొద్దీ, పెంటయ్య కుడి భుజం బిగుసుకునేది. డబ్బా గాల్లో తలకిందులై, బొండాలు దబదబా లారీలో పడ్డాక మెల్లగా వదులయ్యేది. చివరి లైన్‌కు వచ్చేసరికి బిగుసుకోవడం మరిచిపోయింది.

ఊళ్లోంచి డప్పులు మొదలయ్యే వేళకు లారీ గేటు దాటింది. యాదయ్య కిటికీలోంచి చెయ్యి ఊపాడు. కంపెనీ మనిషి పోతూ పోతూ, "పెద్దాయనా, పై వారం నుంచి నువ్వే ముందు నడవాలి. కానీ ఇళ్లకు కబురు మాత్రం సార్ ఫోన్‌లో పంపిస్తారు," అన్నాడు. ఆ రెండో మాటకే పెంటయ్య ఎక్కువ సంతోషించాడు.

కిష్టమ్మ ర్యాలీ నుంచి వచ్చేసరికి ముఖం నిండా గులాబీ రంగు. పెంటయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె కొబ్బరినూనె వేడి చేసి తెచ్చి, భుజానికి రాస్తూ అడిగింది.

"లారీ వచ్చి పోయిందంట గద. ఏమన్నరు?"

పెంటయ్య జరిగిందంతా ఎక్కడ మొదలుపెట్టాలో కాసేపు ఆలోచించాడు. చివరికి ఒక్క ముక్కలో చెప్పేశాడు.

"ఇగ ఎత్తుడు బంద్."

కిష్టమ్మ చెయ్యి భుజం మీదే ఆగింది. తర్వాత ముక్కు చీదుకుని, నూనె చేత్తోనే కళ్లు తుడుచుకుంది. గులాబీ రంగు చెంపల మీదికి కారింది.

"నాకైతె సమజైంది గని," అంది నవ్వుతూ, "కాలనీల మాత్రం ఇంకెన్నడు ఈ మాట అనకు."