అత్తా నేనూ డిస్ట్రిబ్యూటరూ

"టార్చి సరిగ్గా పట్టుకో వాణీ. ఇంజను మీద వెయ్యి, నా మొహం మీద కాదు." ఈ మాట మా ఆయన సెల్వం నోట పదకొండేళ్ళుగా వింటున్నాను. మా కొండల్లో, ఈ బెర్తాం లోయలో పొద్దున్నే మంచు దిగితే మా పాత లాండ్రోవర్ మొరాయిస్తుంది. అతను బానెట్ ఎత్తి లోపలికి వంగుతాడు, నేను టార్చి పట్టుకుంటాను. ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో పాప టిఫిన్ డబ్బా. పొయ్యి మీద సాంబారు సంగతి, గ్రీన్‌హౌస్‌లో కోయాల్సిన టమాటాల సంగతి, నాలుగు రోజులుగా ఉతకని స్కూలు సాక్సుల సంగతి బుర్రలో తిరుగుతూ ఉంటాయి. బండి స్టార్టయ్యాక అతను చేతులు దులుపుకుని, "చూశావా, దీనికి నా చెయ్యే అలవాటు" అని నవ్వుతాడు. ఆ నవ్వంటే నాకిష్టమే. అందుకే, పొద్దున్నే లేచి డిస్ట్రిబ్యూటర్ మూత పొడిగుడ్డతో తుడిచి పెట్టింది నేనేనని ఎప్పుడూ అనలేదు.

ఆ బండి మా మామగారిది. సుప్పయ్య అంటే ఈ కొండల మీద రింగ్లెట్ నుంచి కంపుంగ్ రాజా దాకా ఏ ఊళ్ళోనూ తెలియనివాళ్ళు లేరు. బండి శబ్దం విని జబ్బు చెప్పేవాడని ఆయనకి పేరు. ఆయన పోయి రెండేళ్ళయింది. అప్పట్నుంచి బండి ఆరోగ్యం దిగజారుతూ వచ్చింది. మొన్న జూన్‌లో టమాటా పెట్టెలతో ఎత్తెక్కుతూ ఎగశ్వాస తీసి, మధ్యలో ఆగిపోయింది. సెల్వం రెండ్రోజులు దానితో కుస్తీ పట్టి విసిగిపోయాడు. ఇక దీన్ని పాత ఇనుముకి ఇచ్చేద్దాం, శుక్రవారం మనిషి వస్తాడు అన్నాడు. అని, చిన్నాన్న కూతురి పెళ్ళి పనులకి కొండ దిగువన ఈపో పట్నం వెళ్ళిపోయాడు. అది సోమవారం. పెళ్ళికి నన్ను రమ్మనలేదు, టమాటాలు ఎవరు కోస్తారు మరి.

అతను వెళ్ళాక మా అత్త అంజలై షెడ్డులోకి వచ్చింది. ఆమెకి డెబ్భై రెండేళ్ళు, రెండు కళ్ళకీ శుక్లాలు. గోడ పట్టుకుంటూ వచ్చి, నన్ను ఒకసారి స్టార్ట్ చెయ్యమంది. ఇంజను దగ్గి, తడబడి ఆగింది. ఆమె తల వంచి విని, మళ్ళీ చెయ్యమంది. మూడోసారి విని చెప్పింది:

"డిస్ట్రిబ్యూటర్‌లో కడ్డీని పట్టి ఉంచే బుష్ అరిగింది. కడ్డీ ఊగుతోంది. అది ఊగితే, నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల మధ్య సందు ఒక్కలా నిలవదు. విప్పుదాం."

నేను నవ్వాను. నాలుగు సిలిండర్లకీ వంతులవారీగా నిప్పురవ్వ పంపే ఆ పిడికెడు వస్తువుని సెల్వమే పూర్తిగా విప్పడానికి భయపడతాడు. మీకెలా తెలుసత్తా అని అడిగాను.

"మీ మామ వేళ్ళు లావు. పాయింట్ల స్క్రూ ఆయనకెప్పుడూ చిక్కేది కాదు. మొదట్లో నేనూ టార్చే పట్టుకున్నాను. వెలుగు ఎక్కడ వెయ్యాలో తెలియాలంటే జబ్బు ఎక్కడుందో తెలియాలి కదమ్మా. తర్వాత్తర్వాత టార్చి ఆయన పట్టుకునేవాడు."

ఊళ్ళోవాళ్ళు తెచ్చిన బళ్ళు కూడానా అన్నాను. అవీ తానే చేశానంది. వాళ్ళని ముందు వరండాలో కూర్చోబెట్టి మామగారు కబుర్లు చెప్పేవాడట, ఆమె టీ పెట్టే వంకతో వెనకనుంచి షెడ్డులోకి వచ్చేదట. ఇదంతా ఆమె బాధగా చెప్పలేదు, మురిపెంగానే చెప్పింది. "మంచివాడే పాపం. పడుకునేముందు నా వేళ్ళకి కొబ్బరినూనె రాసేవాడు" అంది. పదకొండేళ్ళుగా ఒకే వంటింట్లో ఆమె పక్కన నిలబడి ఉల్లిపాయలు తరుగుతున్నాను, ఆ వేళ్ళ చివర్లు ఎందుకు నల్లగా ఉంటాయో ఒక్కసారీ అడగలేదు. మొగుడికి కనపడని నా పనుల చిట్టా మనసులో విప్పుకుంటూనే ఉంటాను, మరి అత్త పని నాకెప్పుడు కనపడింది? సిగ్గేసింది.

ఆమె చెప్పింది, నేను చేశాను. ముందు పాప గోళ్ళరంగు తెచ్చి మూత కింద తిరిగే రోటర్ ఎటు చూస్తోందో గుర్తు పెట్టించింది. బిగింపు బోల్టు వదులు చేసి, డిస్ట్రిబ్యూటర్ని పైకి లాగాను. అడుగున పళ్ళున్న చిన్న ముక్కని పట్టి ఉంచే పిన్ను మేకుతో కొట్టి తీసి, కడ్డీని బయటికి లాగాను. లోపలి బరువు బిళ్ళలు జిడ్డుతో బిగుసుకుపోయి ఉన్నాయి. ఇంజను వేగం అందుకునేకొద్దీ అవి విచ్చుకుని నిప్పురవ్వని కాస్త ముందుగా పడేలా చెయ్యాలట. ఎత్తు మీద ఎగశ్వాస అందుకేనంది అత్త. మామగారు విడిభాగాలు దాచుకున్న బిస్కెట్ల డబ్బాలో నూనెగుడ్డలో చుట్టిన కొత్త కంచు బుష్ దొరికింది. దాన్ని ఒక రోజంతా ఇంజనాయిల్లో నానబెట్టాలంది. మర్నాడు టమాటాలు కోసి, పాపని బడికి పంపి, వంట చేసి, అప్పుడు షెడ్డుకి వెళ్ళాను. అరిగిన బుష్ తీసి కొత్తది ఎక్కించడానికి మధ్యాహ్నమంతా పట్టింది. అదే డబ్బాలోని కొత్త పాయింట్లు, కొత్త కండెన్సర్ వేశాను. కళ్ళు సరిగ్గా కనపడని అత్త, వేలితో తడిమి స్ప్రింగు సరిగ్గా కూర్చోలేదని పట్టేసింది.

బుధవారం అంతా బిగించి తాళం తిప్పాను. టప్పుమని కార్బురేటర్లోంచి మంట ఎగిరింది. నా కనుబొమ్మల వెంట్రుకలు కాలాయి. స్పానర్ కింద పడేసి మెట్టు మీద కూలబడ్డాను. సెల్వం గొంతు చెవిలో వినపడింది: ఎందుకొచ్చిన పని, నీకు తోచకపోతే నిద్రపో. మామగారి గొంతు కూడా: ఆడపిల్లలు షెడ్డులోకి వస్తే పనిముట్లు మాయమవుతాయి. ఆ మాట ఆయన నవ్వుతూ పదిమందిలో అనేవాడు. అప్పుడు అత్త లోపలినుంచి టీ గ్లాసులు అందిస్తూ ఉండేది.

ఆమె నన్ను ఓదార్చలేదు. మూత తీయించి రోటర్ని తడిమింది.

"తిరగేసి బిగించావు. అడుగున పళ్ళున్న ముక్కని ఇటుది అటు పెట్టి పిన్ను కొట్టావు. నేనూ మొదటిసారి అదే చేశాను. మీ మామ మీసం కాలింది."

ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాము. నవ్వి, మళ్ళీ విప్పాము. ఈసారి చిన్న బల్బు ఒకటి తగిలించి, పాయింట్లు తెరుచుకునే క్షణానికి సరిగ్గా వెలిగేలా డిస్ట్రిబ్యూటర్ని వెంట్రుకవాసి తిప్పి బిగించాను. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. అత్త మడ్‌గార్డు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది. నేను టమాటా పెట్టెలు ఎక్కించి, అదే ఎత్తు మీదినుంచి మార్కెట్టుకి వెళ్ళొచ్చాను.

గురువారం సెల్వం వచ్చాడు. స్టార్ట్ చేసి, దిగి, బానెట్ ఎత్తి, నా వైపూ వాళ్ళమ్మ వైపూ మార్చి మార్చి చూశాడు. విషయం చెప్పాను, మామగారి సంగతితో సహా. మొదట నమ్మలేదు. తర్వాత మెట్టు మీద వాళ్ళమ్మ పక్కన కూర్చుని ఆమె చెయ్యి తన ఒళ్ళో పెట్టుకున్నాడు. పాత ఇనుము మనిషికి ఫోన్ చేసి రావద్దన్నాడు. రాత్రి భోజనాల దగ్గర, సగం వేళాకోళంగా, "ఊళ్ళో ఎవరైనా అడిగితే నేనే చేశానని చెప్పుకోనా? సుప్పయ్య కొడుకుని కదా, పరువు" అన్నాడు. అత్త పళ్ళెంలోకి చూస్తోంది. ఆమె ఏమీ అనదని నాకు తెలుసు.

"చెప్పుకో. కానీ బళ్ళు తెస్తే విప్పేది నువ్వే" అన్నాను.

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. అతనూ ఆపేశాడు.

ఆదివారం పొద్దున బీన్స్ తుంచుతున్నాను. గేటు దగ్గర ఇంకో లాండ్రోవర్ దగ్గుతూ వచ్చి ఆగింది. పక్క పొలం లియాంగ్. మా బండి అంత హాయిగా ఎత్తెక్కడం చూశాడట, తనదీ ఒకసారి చూసి పెట్టమంటున్నాడు. సెల్వం వరండాలో నిలబడి ఉన్నాడు. ఏదో చెప్పబోయి ఆగాడు. తర్వాత లోపలికి తిరిగి పిలిచాడు:

"వాణీ, నీకోసం వచ్చారు."

ఈ ఇంటికి నాకోసం ఎవరో రావడం అదే మొదలు. బీన్స్ పళ్ళెం తెచ్చి అతని చేతిలో పెట్టాను. అతను ఈనె ఎటునుంచి తీయాలని అడిగాడు. రెండు వైపులా అని చెప్పి, అత్త గదిలోకి వెళ్ళాను.

"లేవండి అత్తా. మనకోసం వచ్చారు."

"ముందునుంచే వెళ్దామా?" అని అడిగింది ఆమె, చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటూ.