కొండకు కుట్లు

మా ఊరి పెంగ్ ఒంటిచేత్తో, ఒక్క వానాకాలంలో కొండనే కుట్టేశాడు. నమ్మనివాళ్ళు వచ్చి చూసుకోవచ్చు.

మూడు రోజుల ముసురు తెరిపిచ్చిన ఆ ఉదయం కూడా అతను ఎప్పటిలాగే మొన తేలిన కర్ర పట్టుకొని, చీపురుగడ్డి పిలకలు నడుముకు చెక్కుకొని వాలు ఎక్కుతున్నాడు. ఎడమ మోకాలు అడుగడుక్కీ టక్కుమంటోంది. చెయ్యి పడేచోట కర్ర తేనెరంగులో నున్నబడింది.

వాలు కింద మరదలు లాయ్ ఇల్లు. తమ్ముడు జ్వరంతో పోయాక ఆమె ఒక్కతే ఉంటోంది. దుప్పట్లూ కుండలూ మూటకట్టి గుమ్మంలో కూర్చుంది. పైన నేల పగిలిందంటే ఏటి అవతల అన్న దగ్గరకు పోతానని నిన్ననే చెప్పేసింది.

"చూసొచ్చి నిజం చెప్పు బావా. నీ గొప్పలు నాకొద్దు."

ఆ భయం పెట్టింది పెంగే. చలి తగ్గే రోజుల్లో చీపురు వెన్నులు కత్తితో కొయ్యాలి. ఒక్కొక్కటే తెగుతుంది. పట్టి లాగితే గుప్పెడు వస్తుంది, దుబ్బుతో సహా. పదమూడేళ్ళ కిందట పెంగ్ తొందరపడి లాగాడు. బోడైన వాలు వానకు జారి తమ్ముడి వంటకొట్టాన్ని మింగేసింది. లాయ్ పంది మాత్రం తెప్పెక్కినట్టు ఆ బురద మీదే ఏటిదాకా పోయి, సాయంత్రానికి కుడితి వేళకు తిరిగొచ్చింది.

అప్పటినుంచి తొలివాన పడితే చాలు, దుబ్బులు చీల్చి నాటడమే అతని పని. మొదట్లో నీరు నిలిచే గుంటల్లో పాతితే సగం కుళ్ళాయి. ఆ గడ్డికి ఏటవాలు కావాలి, నిండా ఎండ కావాలి. నాటిన ఏడాది కత్తి తగలకూడదు. అందుకని నాటినచోట కర్ర పాతి, దానికి వెదురు బద్దలతో నక్షత్రంలా చుక్క అల్లి కట్టేవాడు. ఆ చుక్క కనిపిస్తే మా ఖము తెగవాళ్ళెవరం గేదెను కూడా అటు పోనివ్వం.

పైన పగులు లేదు. ఆకుల మీంచి జారిన నీరు మట్టి కలవకుండా తేటగా దిగుతోంది. ఒక దుబ్బును రెండు చేతులా పట్టి గుంజాడు. అది రాలేదు, తనే ముందుకు తూలాడు. నవ్వుకొని, మిగిలిన ఒక్క ఖాళీలో పిలకలు నాటి, పక్కన తన కర్రే గుచ్చి, దానికి చుక్క కట్టి దిగాడు.

"మూట విప్పు. నేను గుంజినా కదల్లేదు."

లాయ్ కొండకేసి చూసింది. మూటలోంచి కుండ తీసి పొయ్యి మీద పెట్టింది.

"తిని పో బావా."

పదమూడేళ్ళుగా ఆమె ఆ మాట అనలేదు. వెదురుకొమ్ముల పులుసులో బంకన్నం అద్దుకొని రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. గుంజకు ఆనుకొని కునుకు తీశాడు. గిన్నెలు కడిగొచ్చి లాయ్ లేపబోతే లేవలేదు, ఊపిరి ఆగిపోయింది. ముఖం మాత్రం బరువు దించుకొని కూర్చున్నవాడి ముఖంలాగే ఉంది.

ఒక్క వానాకాలం అన్నాను కదూ. పదమూడు పట్టింది. ఒంటిచెయ్యీ కాదు, దుబ్బులు చీల్చి అందించింది నేనే. పంది తిరిగిరావడం నా కల్పన. అది ఆ బురదలోనే పోయింది. కర్ర మాత్రం కల్పన కాదు. కొత్త పిలకల పక్కన, వెదురు చుక్క కట్టుకొని, అతను గుచ్చినచోటే ఇంకా నిలబడి ఉంది.