నిప్పు తగలని పల్లీ బిళ్లలు

కూతురు భవ్యశ్రీకి నర్సు ఉద్యోగం వస్తే పదకొండు శనివారాలు ఒక్కపొద్దు ఉంటానని బాలలక్ష్మి ధర్మపురి నరసింహస్వామికి మొక్కుకుంది. ఉద్యోగం వచ్చింది. దేవుడు తన మాట నిలబెట్టుకున్నాక మనిషి వెనక్కి పోతే బాగుండదు కదా! పొద్దంతా పాలు, పండ్లు. దీపాల వేళకు స్నానం చేసి, దండం పెట్టుకుని, వండిన అన్నం ఒకే ఒక్కసారి తినడం. అలా పది శనివారాలు గడిచాయి. మధ్యలో ఒక్కటి తప్పినా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఇంతవరకు బాగానే ఉంది. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, సరిగ్గా పదకొండో శనివారం పొద్దున్నే కరీంనగర్ స్టేడియంలో నడక పోటీ పడింది.

నలభై ఐదు దాటిన ఆడవాళ్లకు మూడు వేల మీటర్ల నడక. కరీంనగర్ వైపు వాళ్లు, ఆదిలాబాద్ వైపు వాళ్లు అందరూ కలిసి. మొదటి ముగ్గురిని హైదరాబాద్ పోటీలకు పంపిస్తారు. బాలలక్ష్మికి నలభై ఏడు. తొమ్మిదో తరగతిలో మండలం మొత్తానికి పరుగులో మొదట వచ్చిన పిల్ల. జిల్లా పోటీలకు బస్సెక్కాల్సిన వారంలోనే పెళ్లి కుదిరింది, పరుగు అక్కడితో ఆగింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా సిరిసిల్లలో కూర్చుని నూలు కండెలు చుట్టింది. కిందటేడు పక్కింటి వాళ్లతో కలిసి బడి మైదానంలో నడక మొదలుపెడితే, మూడో రోజుకే ఆమెతో కలిసి నడిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అందరూ వెనకబడిపోయారు. అది చూసి బడిలో ఆటల సారు కరుణాకర్ ఆమె పేరు పోటీకి రాసి పంపాడు.

కానీ కిందటి శనివారం ఏమైందో తెలుసా? ఒక్కపొద్దు కడుపుతో సాధన చేస్తూ మూడో చుట్టులో కళ్లు తిరిగి కూలబడింది. కరుణాకర్ సారు భయపడిపోయాడు.

"అమ్మా, గీ ఒక్కసారి చూస్త. పోటీల గూడ గిట్లనే తూలినవంటే నేనే వచ్చి పక్కకు తీస్కపోత. నాతోని కొట్లాట పెట్టుకోవద్దు" అన్నాడు.

బాలలక్ష్మికి ఆ మాట గుండెల్లో ముల్లులా దిగింది. గెలుపు సంగతి తర్వాత. తన కాళ్ల మీద తాను నడిచి పోటీ చివరి తెల్లగీత దాటాలి. ఈసారి కూడా సగంలో ఆగిపోతే ఇక జన్మలో మైదానం మొహం చూడలేననిపించింది. అలాగని దేవుడికి ఇచ్చిన మాట తప్పనూ లేదు.

"ఒక్క పని చేద్దమవ్వా" అంది భవ్యశ్రీ తల్లితో, చేతిలో ఫోను తిప్పుతూ. "గిండ్ల చూడు. పొయ్యి ముట్టియ్యకుంట ప్రొటీన్ బార్లు చేస్తున్నరు. నిప్పు తగలనిది ఒక్కపొద్దుల తినొచ్చు గద?"

బాలలక్ష్మి కళ్లు మెరిశాయి. "నిప్పు తగలకుంటే పండు లెక్కనే. తినొచ్చు. ఏమేం ఏస్తరు?"

"ఓట్స్..."

"గవి ఎట్ల చేస్తరో చూడు ముందుగాల."

భవ్యశ్రీ వెతికింది. ఓట్స్‌ను ఆవిరి పట్టి అణుస్తారట. ఓట్స్ పోయాయి.

"పోనీ బెల్లం."

"బెల్లం ఏందే! కొప్పెరల మసులుతది. మీ అమ్మమ్మ ఊళ్లె చూడలేదా?"

బెల్లం కూడా పోయింది. ప్రొటీన్ పొడి డబ్బా మాట ఎత్తగానే, "డబ్బాల ఏం కలిపిన్రో ఎవలికెరుక" అని దాన్ని గుమ్మం దగ్గరే ఆపేసింది. భవ్యశ్రీకి ఒళ్లు మండింది.

"మరి పాలు కాగవెట్టుకొని తాగుతున్నవు గదనే అవ్వా! గవి నిప్పు మీద పెట్టలేదా?"

"పాలకు పట్టింపు లేదు" అంది బాలలక్ష్మి, ఎవరో తనకు చీటీ రాసిచ్చినంత ధీమాగా. ఆ పిల్ల నెత్తి కొట్టుకుంది. ఏం చేస్తుంది మరి!

ఆఖరికి తేలినవి ఇవి: గింజ తీసిన ఖర్జూరాలు, పచ్చి పల్లీలు, గుమ్మడి గింజలు, కాసిన్ని అవిసెలు, ఎండుకొబ్బరి తురుము, రెండు చెంచాల తేనె, యాలకుల పొడి. పల్లీలను గురువారం రాత్రి నానబెట్టి, శుక్రవారం డాబా మీద ఎండలో ఆరబోశారు. పొట్టు ఊడి కరకరలాడే వరకు ఎండాలి. సూర్యుడు పొయ్యి లెక్కలోకి వస్తాడా రాడా అని భవ్యశ్రీ అడగబోయి, తల్లి మొహం చూసి నోరు మూసుకుంది.

మధ్యాహ్నం పల్లీలను కిందికి దించే పని సాంబయ్యకు అప్పగించారు. సాంబయ్య అంటే బాలలక్ష్మి పెనిమిటి. సాంచాల మీద, అదే మరమగ్గాల మీద, పొద్దస్తమానం నిలబడి పని చేసే మనిషి. మాట తక్కువ, భార్య మీద ప్రేమ ఎక్కువ. ఆ ప్రేమను ఎక్కడ ఎలా చూపించాలో మాత్రం ముప్పై ఏళ్లయినా అంతు చిక్కలేదు. ఆ రోజు షిఫ్టుకు సెలవు పెట్టాడు. ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి పల్లీలు గంపలోకి ఎత్తి తెచ్చాడు, కాస్త ఆలస్యంగానే.

"అవ్వా, ఎండకు ఎంత మంచిగ వాసన వస్తున్నయే!" అని భవ్యశ్రీ మురిసిపోయింది.

బాలలక్ష్మి పక్కగదిలో కండెలు చుడుతూ, "మాఘమాసం ఎండ మరి" అని అక్కడి నుంచే జవాబిచ్చింది.

ముందు గింజలన్నీ మిక్సీలో బరకగా తిప్పింది భవ్యశ్రీ. తర్వాత ఖర్జూరాలు వేసింది. అన్నీ కలిసి జిగురు ముద్దయ్యాక, తేనె, కొబ్బరి, యాలకులు వేసి పిసికింది. స్టీలు పళ్లెంలో పరిచి గిన్నె అడుగుతో గట్టిగా అదిమి, ఫ్రిజ్‌లో రెండు గంటలు పెట్టింది. తీశాక కత్తి పెడితే అంతా కత్తికే అంటుకుంది. అప్పుడు సాంబయ్య ముందుకొచ్చాడు. సాంచా దగ్గరి నుంచి తెచ్చిన నైలాన్ దారం రెండు చేతుల మధ్య బిగించి పట్టి, అటు నాలుగు, ఇటు నాలుగు గీతలు దింపాడు. అంచు చెదరకుండా వచ్చాయి బిళ్లలు. తానుగుడ్డ కోసినట్టే ఉంది.

"బాపు, నువ్వు గిన్ని రోజులు వంటింట్లకు ఎందుకు రాలేదే?" అంది కూతురు. సాంబయ్య సిగ్గుపడ్డాడు. తల్లీకూతుళ్లలో ఎవరూ ఒక్క ముక్క నోట్లో వేసుకోలేదు. దండం పెట్టుకోకముందే ఎంగిలి చేస్తే ఎలా?

శనివారం తెల్లవారుజామునే బాలలక్ష్మి స్నానం చేసి, దీపం పెట్టి, నరసింహస్వామికి రెండు బిళ్లలు నైవేద్యం పెట్టింది. ముగ్గురూ మొదటి బస్సెక్కి కరీంనగర్ చేరారు. స్టేడియంలో గడ్డి మీద చాప పరుచుకుని కూర్చున్నారు. పోటీకి ఇంకా అరగంట ఉంది.

బాలలక్ష్మి డబ్బా తెరిచి ఒక బిళ్ల తీసి కొరికింది. నమిలింది. మింగింది. భలే రుచిగా ఉంది. రెండో ముక్క కొరికి, నములుతూ నములుతూ ఆగిపోయింది.

"ఇవి నిప్పుల మీద గోలిచ్చిన పల్లీలు" అంది.

భవ్యశ్రీ తండ్రి వైపు చూసింది. సాంబయ్య ఆకాశం వైపు చూశాడు. అక్కడ ఒక్క మబ్బు కూడా లేదు.

"ఏందయ్యా, నిన్నే అడుగుతున్న!"

"పచ్చియి తింటె నీకు కడుపునొప్పి లేస్తది గదనే" అన్నాడు సాంబయ్య. "అందుకే లచ్చయ్య బట్టీల ఏపిచ్చుకొచ్చిన. మరమరాలు ఏంచే ఇసుకల. మన ఇంట్ల పొయ్యి ముట్టియ్యలే, నీ తోడు."

మన ఇంటి పొయ్యి కాదట! ఆ మాటకు నవ్వాలో ఏడవాలో బాలలక్ష్మికి తెలియలేదు. ఏడుపే వచ్చింది.

"పది శనివారాలయ్యా! పదకొండోది నోటికాడికి వచ్చినంక గంగల కలిపినవు! మల్ల మొదటి నుంచి ఉండాలె నేను. నా మొక్కుతోని నీకేం ఆటలయ్యా?"

"నువ్వు పడిపోతివి ఆ రోజు" అన్నాడు సాంబయ్య. అతని కళ్లు కూడా తడిశాయి. "నువ్వు గట్ల పడిపోతుంటే నేనేం కావాలె? నాకు భయమైంది బాలలచ్చీ."

అంత మాట అతను పెళ్లయ్యాక ఎన్నడూ అనలేదు. బాలలక్ష్మికి కోపం సగం అక్కడే జారిపోయింది. కానీ మొక్కు మొక్కే. డబ్బా మూత పెట్టి, చేతులు దులుపుకుని, చాప మీద నుంచి లేవబోయింది.

"లేవకు! ఏయ్ చెల్లె, లేవకు!"

పక్క చాప మీద నుంచి అరిచింది ఒకావిడ. యాభై ఏళ్లు ఉంటాయి, మోకాళ్ల దాకా చీర బిగించి కాసె పోసుకుంది, కాళ్లకు కొత్త బూట్లు. పేరు రుక్మాబాయి, ఆదిలాబాద్ వైపు నుంచి అదే నడక పోటీకి వచ్చింది. ఇంతసేపూ అన్నీ వింటూనే ఉంది. వినకుండా ఎలా ఉంటుంది, రెండు చాపల మధ్య మూరెడు దూరం కూడా లేదు.

"పొద్దుగాల తానం చేసినవా?"

"చేసిన."

"దీపం పెట్టి దేవునికి దండం పెట్టినవా?"

"పెట్టిన."

"అరె బాయీ, మరింకేంది పరేషాన్! ఒక్కపొద్దంటే దినానికి ఒక్కపారి తినుడే గద. రాత్రి తినేది ఇప్పుడే తింటున్ననుకో. తిన్నకాడికెల్లి లేస్తే పాయె, మల్ల కూసుంటె రెండో పారి అయితది. లేవకుంట కడుపు నిండ తిను. మల్ల రేపు పొద్దుగాల దాంక వండింది ముట్టకు. నేను ముప్పై ఏండ్ల సంది ఉపాస్‌లు చేస్తున్న, నాకు తెల్వదా?"

బాలలక్ష్మి ఆలోచించింది. నిజమే. కూర్చున్న చోటు నుంచి ఇంకా లేవలేదు. విస్తరి ముందు నుంచి లేస్తేనే భోజనం అయిపోయినట్టు. ఇంట్లో వాళ్ల అమ్మ కూడా అలాగే చెప్పేది. కానీ ఒక అనుమానం మిగిలింది.

"నువ్వు నాతోని పోటీకి వచ్చినదానివి గదక్కా. నేను తినకుంట లేస్తే నీకే మంచిగుంటుండె గద?"

"నాకు పోటీ కావాలె చెల్లె" అంది రుక్మాబాయి. "కడుపు కాలి కింద పడ్డదాన్ని దాటిపోతె ఏం మజా ఉంటది?"

ఇక చూడండి ఆ తినడం! బాలలక్ష్మి మఠం వేసుకుని కూర్చుని, ధర్మపురి ఎటువైపో భర్తను అడిగి అటు తిరిగి దండం పెట్టుకుని, బిళ్ల మీద బిళ్ల నమలసాగింది. మూడు అయ్యాయి. నాలుగో దానికి దవడలు నొప్పెట్టాయి. భవ్యశ్రీ నీళ్లు అందిస్తోంది, సాంబయ్య జ్వరం వచ్చిన పిల్లాడికి విసిరినట్టు తువ్వాలుతో విసురుతున్నాడు. మైకులో పేర్లు పిలవడం మొదలైంది. బాలలక్ష్మి పేరు ఒకసారి పిలిచారు. రెండోసారి పిలిచారు. మెడలో ఈల వేసుకుని కరుణాకర్ సారు పరుగెత్తుకొచ్చాడు.

"ఏందమ్మా గిది! లైను మీదికి రావాలె, లే, లే!" అని చెయ్యి పట్టుకోబోయాడు.

"లేపకు!" అని తండ్రీకూతుళ్లు, రుక్మాబాయి ముగ్గురూ ఒక్కసారే అరిచారు. సారు జడుసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. అతనికి విషయం చెప్పే తీరిక ఎవరికి ఉంది? బాలలక్ష్మి ఐదో బిళ్ల మింగి, గటగటా నీళ్లు తాగి, అప్పుడు లేచింది.

పదకొండు మంది ఆడవాళ్లు, ఏడున్నర చుట్లు. ఈల మోగగానే అందరూ చేతులు ఊపుకుంటూ కదిలారు. పరుగెత్తకూడదు, ఎప్పుడూ ఒక కాలు నేల మీద ఉండాలి. మొదటి చుట్టులో కడుపు బరువుకు బాలలక్ష్మి అందరికన్నా వెనకబడింది. రెండో చుట్టులో పక్కటెముకలో పట్టేసింది. ఇంకా కూలబడలేదు కదా అనుకుని నడిచింది. మూడో చుట్టు వచ్చింది. పోయినసారి పడిపోయింది ఇక్కడే. కరుణాకర్ సారు అంచున నిలబడి ఆమె అడుగులే చూస్తున్నాడు. బాలలక్ష్మి తన కళ్ల ముందు నేలను చూసుకుంది. నేల తిరగడం లేదు. ఎక్కడిది అక్కడే ఉంది.

ఆ మాట ఆమె కాళ్లకు తెలిసిపోయినట్టుంది. నాలుగో చుట్టులో ఇద్దరిని దాటింది, ఐదో చుట్టులో ముగ్గురిని. ఆరో చుట్టులో ఇంకో ముగ్గురిని దాటాక రుక్మాబాయి వీపు కనిపించింది. రుక్మాబాయి వెనక్కి తిరిగి చూసి, "రా చెల్లె, రా!" అని నవ్వి ఇంకా జోరు పెంచింది. పట్టుకోవడం బాలలక్ష్మి వల్ల కాలేదు. అయినా వదల్లేదు. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు, రెండోది రుక్మాబాయి, మూడోది బాలలక్ష్మి, తెల్లగీత దాటారు.

భవ్యశ్రీ గెంతింది. కరుణాకర్ సారు ఈల ఊదుతూనే ఉన్నాడు. రుక్మాబాయి గడ్డి మీద వెల్లకిలా పడి నవ్వుతోంది. బాలలక్ష్మి మాత్రం ఆగలేదు. చేతులు అలాగే ఊపుకుంటూ, మొహమంతా చెమట, మొహమంతా నవ్వు, మలుపు తిరిగి ఇంకో చుట్టులోకి వెళ్లిపోతోంది.

 ఆమెకు గీత కనబడలేదేమోనని సాంబయ్య తువ్వాలు ఊపుతూ తాడు ఇవతల నుంచి పక్కనే పరుగెత్తాడు. "బాలలచ్చీ! అయిపోయిందే! నువ్వు హైదరాబాద్ పోతున్నవు! ఆగు, ఆగు!"

"ఎరుకేనయ్యా" అంది బాలలక్ష్మి, అడుగు తగ్గించకుండా. "ఆగబుద్ధి అయితలేదు."

సాంబయ్య రొప్పుతూ ఆగిపోయి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఆమె మైదానం అవతలి వైపుకి నడిచి వెళ్లడం చూస్తూ నిలబడ్డాడు.