నెలకు సరిపడా సంతకాలు

ఆసుపత్రి లాండ్రీలో రోగుల దుప్పట్లు విడదీసే పని ఆమెది. మూడేళ్లు చేసింది. నాలుగో ఏడు క్షయ పట్టింది. జబ్బు పనివల్లే వచ్చిందని తేలితే కోలుకునేదాకా జీతం ఇస్తారు. తేలకపోతే ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందే.

పరిహారాల అధికారి బల్ల మీద ఈ నెల మాస్కుల రిజిస్టరు తెరిచి ఉంది.

"రోజూ కొత్త మాస్కు తీసుకున్నట్టు సంతకం పెట్టావు కదమ్మా. మరి దుప్పట్ల నుంచి ఎలా అంటుకుంటుంది? ఏ బస్సులోనో అంటుకునుంటుంది. ఈ సంతకాలు నీవేనా?"

తనవే. ఒకటో తారీఖు పొద్దున, మూటల బండి వచ్చేలోపు, అందరూ నెల మొత్తానికీ ఒకేసారి గీకేసేవాళ్లు. "ముప్పై మాస్కులూ ఒక్క దెబ్బకి తొడిగేసుకున్నాం, ఇక ఏ రోగమైనా దణ్ణం పెట్టి పోవాల్సిందే" అని తోడికోడలు నవ్వించేది. నిజానికి వారానికొక మాస్కు వస్తే గొప్ప. ఇప్పుడు మొహానికున్నది వార్డులో ఇచ్చింది.

రిజిస్టరు పట్టుకుని అందరిచేతా సంతకాలు పెట్టించేది ఆ తోడికోడలే. లాండ్రీలో ఆవిడే పెద్ద. ఇవాళ తోడొచ్చి, పాపను చంకనేసుకుని వరండాలో తిరుగుతోంది. తను వార్డులో పడున్న పన్నెండు రోజులూ పాపకు పాలు పట్టింది కూడా ఆవిడే.

పన్నెండు రోజులు!

ఆమె చూపు చటుక్కున పేజీ మీద వాలింది. తొమ్మిదో తారీఖు నుంచి ఇరవై దాకా, మంచం దిగని రోజులకు కూడా తన సంతకాలు వరసగా ఉన్నాయి. వేలు పెట్టి చూపిస్తే చాలు, రిజిస్టరు బండారం బయటపడుతుంది. కానీ ముందు పోయేది సంతకాలు పెట్టించిన మనిషి ఉద్యోగమే.

తోడికోడలు తలుపులోంచి తొంగి చూసింది. "అయిందా? నీ కూతురు నా చెవి తమ్మె తెంపేసేలా ఉందే తల్లీ!"

"సంతకాలు నావేనా అంటున్నారక్కా."

ఆవిడ మొహంలో నవ్వు ఆరిపోయింది. పాపను ఇంకాస్త దగ్గరికి అదుముకుంది. ఏదన్నా అనేసినా బాగుండేది, లోపలైనా తిట్టుకునే వీలుండేది.

"చెప్పమ్మా" అన్నాడు అధికారి.

ఆమె వేలు అప్పటికే తొమ్మిదో తారీఖు గడి మీదుంది.

"నావేనండి."

ఆయన అటు చూడకుండానే రిజిస్టరు మూశాడు. వేలు అందులో ఇరుక్కుంది.

"చెయ్యి తియ్యమ్మా."

తీసింది.